తేలికపాటి జెట్లు, పోరాట డ్రోన్లు: విమానవాహక నౌక మీద వాటికి చోటెంత?

గంజాం, కోరాపుట్ జిల్లాల తెలుగు కుటుంబాలకు రక్షణ వార్తలు దగ్గరి విషయాలే. నావికులకు తొలి శిక్షణ ఇచ్చే ఐఎన్‌ఎస్ చిలికా బరంపురానికి రైలులో ఒకటి రెండు గంటల దూరం. సునాబేడలోని హెచ్‌ఏఎల్ కర్మాగారం మిగ్, సుఖోయ్ విమానాల ఇంజిన్లు తయారుచేస్తుంది. సైన్యపు గగనతల రక్షణ కళాశాల గోపాలపూర్‌లోనే ఉంది. అందుకే 2025 ఏప్రిల్‌లో సుమారు 63,000 కోట్ల రూపాయలతో 26 రాఫెల్ నౌకాదళ విమానాలకు ఒప్పందం కుదిరినప్పుడు ఇక్కడి వాళ్లు రెండు ప్రశ్నలు గట్టిగానే అడిగారు. మన తేజస్ ఓడ మీద దిగి చూపించింది కదా, మళ్లీ బయటి విమానం ఎందుకు? టర్కీ తన ఓడ మీద నుంచి డ్రోన్లు ఎగరేస్తుంటే మనం ఇంకా పైలట్ కూర్చునే విమానాలకే ఇంత ఖర్చు ఎందుకు పెట్టాలి?

రెండూ న్యాయమైన ప్రశ్నలే. అవుననో కాదనో ఒక్క మాటలో తేల్చడం మాత్రం కుదరదు, ఎందుకంటే ‘పనికొస్తుందా’ అన్న మాటకు ముందు ‘ఏ పనికి’ అన్నది తేలాలి.

ముందు కొన్ని మాటలకు అర్థాలు

తేలికపాటి యుద్ధ విమానానికి చట్టంలో నిర్వచనమేమీ లేదు. వాడుకలో, పూర్తి బరువుతో 13-14 టన్నులు మించని, సాధారణంగా ఒకే ఇంజిన్ ఉన్న జెట్టును అలా అంటారు. తేజస్, టర్కీవారి హుర్జెట్ ఈ కోవలోవి. విచిత్రమేమిటంటే రెండింటిలోనూ ఉన్నది అమెరికా ఎఫ్-404 కుటుంబపు ఇంజినే. రాఫెల్, ఇప్పుడు మన నౌకల మీద ఉన్న మిగ్-29కె విమానాలు 24 టన్నుల పైచిలుకు బరువుతో ఎగరగలవు.

పోరాట డ్రోను అన్న ఒక్క పేరు కింద చాలా తేడా ఉన్న యంత్రాలను కలిపేస్తున్నాం. ప్రొపెల్లర్‌తో నిదానంగా, గంటల తరబడి ఎగిరేవి ఒక రకం. టర్కీ బైరక్తర్ టీబీ3 అలాంటిది. జెట్ ఇంజిన్‌తో, యుద్ధ విమానం ఆకారంలో ఉండేవి మరో రకం. టర్కీ కిజిలెల్మా, అమెరికా ఎక్స్-47బి ఇందులోకి వస్తాయి. వార్తల్లో ఈ రెంటినీ కలగలిపి రాయడం వల్లే సగం గందరగోళం.

ఇక ఓడల సంగతి. విమానవాహక నౌక మీద నుంచి విమానాన్ని పైకి పంపడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఆవిరితోనో విద్యుదయస్కాంత శక్తితోనో విమానాన్ని ముందుకు విసిరే యంత్రం కేటపల్ట్. అమెరికా నౌకల్లోనూ 2025 నవంబరులో చైనా దళంలో చేరిన ఫుజియాన్‌లోనూ ఉన్నది అదే. రెండోది స్కీ జంప్, అంటే ముందు అంచు పైకి వంగిన డెక్ (ఓడ పైతలం). విమానం తన ఇంజిన్ బలంతోనే పరుగెత్తి ఆ వంపు మీదుగా గాలిలోకి లేస్తుంది. మన విక్రమాదిత్య, విక్రాంత్ రెండూ స్కీ జంప్ నౌకలే. దిగేటప్పుడు విమానం తోక కింది కొక్కెం డెక్ మీద అడ్డంగా కట్టిన ఉక్కు తీగను పట్టుకుంటుంది. వంద మీటర్ల లోపే విమానం ఆగిపోవాలి.

డెక్ అంచు దగ్గర జరిగే లెక్క

ఈ భాగాన్ని కాస్త ఓపికగా చదవండి, అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

తేజస్ ఇంజిన్ పూర్తి బలం సుమారు 85 కిలోన్యూటన్లు. పరుగు దూరం 200 మీటర్లు అనుకుందాం. గాలి నిరోధం, చక్రాల రాపిడి పక్కన పెడదాం. విమానం 10 టన్నులుంటే త్వరణం 8.5, అంటే సెకను సెకనుకూ వేగం 8.5 మీటర్ల చొప్పున పెరుగుతుంది. డెక్ చివరికి వేగం గంటకు దాదాపు 210 కిలోమీటర్లు. ఇంధనం, క్షిపణులు కలిపి ఇంకో మూడు టన్నులు ఎక్కించి 13 టన్నులు చేస్తే అదే దూరంలో వేగం దాదాపు 184 కిలోమీటర్లకు పడిపోతుంది. తగ్గుదల 12 శాతం.

దెబ్బ అక్కడితో ఆగదు. రెక్కలు మోసే బరువు వేగం వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి 13 టన్నులు గాలిలో నిలవాలంటే 10 టన్నులప్పటి కంటే 14 శాతం ఎక్కువ వేగం కావాలి. కావలసినది 14 శాతం పెరిగింది, దొరికేది 12 శాతం తగ్గింది. రన్‌వే మీద అయితే ఇంకో అర కిలోమీటరు పరుగెత్తితే సరిపోతుంది. ఓడ మీద ఆ అర కిలోమీటరు లేదు.

ఈ లోటులో కొంత భాగాన్ని స్కీ జంప్ పూడుస్తుంది, ఇంకొంత ఎదురుగాలి పూడుస్తుంది. విక్రాంత్ గరిష్ఠ వేగం 28 నాట్లు, అంటే గంటకు సుమారు 52 కిలోమీటర్లు. గాలికి ఎదురుగా తిరిగి పరుగెత్తితే ఓడ వేగం, గాలి వేగం రెండూ విమానానికి కలిసివస్తాయి. గాలి లేకపోతే ఎలా ఉంటుందో 1982 మే 2న అర్జెంటీనా నౌకాదళానికి తెలిసింది. ఫాక్లండ్ యుద్ధంలో వాళ్ల నౌక మీద ఏ-4 స్కైహాక్ తేలికపాటి జెట్లు బాంబులతో సిద్ధంగా ఉన్నాయి, బ్రిటిష్ నౌకలు అందేంత దూరంలో ఉన్నాయి. కానీ దక్షిణ అట్లాంటిక్‌లో అరుదుగా ఉండే నిశ్చలత ఆరోజే వచ్చింది. పాత నౌక, చాలని కేటపల్ట్, వీచని గాలి. పూర్తి భారంతో విమానాలను పంపలేక దాడి మానుకున్నారు. గోపాలపూర్, సోనాపూర్ తీరాల్లో పడవ నడిపే నోలియా మత్స్యకారులకు గాలి విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. వేల కోట్ల విమానాలకూ ఆ విలువ తప్పలేదన్నదే ఇక్కడి విషయం.

తేలికైతే సులువుగా లేవాలి కదా?

చాలామంది తడబడేది ఇక్కడే. బరువు తక్కువైతే ఎగరడం తేలికేగా అనిపిస్తుంది. పోల్చి చూద్దాం. రాఫెల్ రెండు ఇంజిన్ల బలం సుమారు 150 కిలోన్యూటన్లు. 21 టన్నుల బరువు దగ్గర దాని త్వరణం 7.1. తేజస్‌కు అదే 7.1 త్వరణం 12 టన్నుల దగ్గర వస్తుంది. డెక్ మీద పరుగు విషయంలో ఇద్దరూ దాదాపు సమానమే.

ఇప్పుడు ఖాళీ బరువు తీసేయండి. రాఫెల్ నౌకాదళ రకం ఖాళీగా 10.6 టన్నుల దరిదాపుల్లో ఉంటుంది. మిగిలింది పది టన్నుల పైనే. తేజస్ వైమానిక దళ రకం ఖాళీ బరువు సుమారు 6.5 టన్నులు. నౌక కోసం బలపరిచాక ఏడు అనుకుందాం. మిగిలింది అయిదు. ఒకే తీరున పైకి లేచిన రెండు విమానాల్లో ఒకటి మరోదానికి రెట్టింపు ఇంధనం, ఆయుధాలు మోసుకుపోతోంది.

కారణం ఏమిటంటే, విమానం చిన్నదైనంత మాత్రాన అందులోని అన్నీ చిన్నవి కావు. పైలట్ బరువు, ఆపదలో బయటికి విసిరే సీటు, రాడార్, రేడియోలు, కంప్యూటర్లు దాదాపు అంతే ఉంటాయి. పైగా నౌక మీద దిగడం అంటే ఒక రకంగా అదుపులో ఉన్న పతనమే. నేల మీది విమానం సెకనుకు మూడు మీటర్ల వేగంతో కిందికి వచ్చి తాకితేనే గట్టి దెబ్బ. నౌకా విమానం ఆరేడు మీటర్ల వేగాన్ని పదే పదే తట్టుకోవాలి. దానికి బలమైన చక్రాల కాళ్లు, వాటిని మోసే చట్రం, కొక్కెం కావాలి. ఈ అదనపు ఉక్కు భారం పెద్ద విమానానికి కొద్దిగా తెలుస్తుంది. చిన్న విమానానికి అది మోసే సరుకులోంచే కోత పడుతుంది.

నౌకాదళ తేజస్ కథ ఇదే. 2012 ఏప్రిల్ 27న తొలిసారి ఎగిరింది. 2016 డిసెంబరులో నాటి నౌకాదళాధిపతి అడ్మిరల్ సునీల్ లాంబా, అది బరువు ఎక్కువై నౌకాదళ అవసరాలు తీర్చలేకపోతోందని బహిరంగంగానే చెప్పారు. అయినా పరీక్షలు ఆపలేదు. 2020 జనవరి 11న విక్రమాదిత్య మీద, 2023 ఫిబ్రవరి 6న విక్రాంత్ మీద దిగింది. దిగడం నిజం, అది గొప్ప సాంకేతిక విజయం. పూర్తి ఇంధనంతో, చాలినన్ని ఆయుధాలతో లేచి యుద్ధం చేసి రావడం వేరే పరీక్ష. అందుకే దాని అనుభవాన్ని రెండు ఇంజిన్ల కొత్త నౌకా విమానం ప్రతిపాదనకు మళ్లించారు. నా దృష్టిలో నౌకాదళ తేజస్ విఫలమైన యుద్ధ విమానం కాదు, బాగా పనిచేసిన బడి. ఈ తేడా గుర్తించకుండా ‘దేశీయ విమానాన్ని తొక్కేశారు’ అనడమూ, ‘పనికిరానిదాన్ని తయారుచేశారు’ అనడమూ రెండూ తొందరపాటే.

చిన్న జెట్లు గెలిచిన రోజులూ ఉన్నాయి

తేలికపాటి విమానాల పక్షాన మాట్లాడేవారికి చరిత్రలో బలమైన సాక్ష్యాలే ఉన్నాయి. 1971 డిసెంబరు 4న మన బంగాళాఖాతంలోంచే పాత విక్రాంత్ సీ హాక్ విమానాలను కాక్స్ బజార్ మీదికి, ఆ వెంటనే చిట్టగాంగ్ మీదికి పంపింది. ఒక బాయిలర్ పగుళ్లతో మూలపడి ఓడ వేగం తగ్గిన స్థితిలోనే అదంతా చేశారు. సీ హాక్ ఇవాళ్టి లెక్కలో బుల్లి విమానం. 1982లో బ్రిటన్ సీ హారియర్లు ఇరవై దాకా అర్జెంటీనా విమానాలను కూల్చి, గగన పోరులో ఒక్కటి కూడా పోగొట్టుకోలేదు.

ఈ విజయాల వెనుక పరిస్థితులూ చూడాలి. 1971లో తూర్పున పాకిస్తాన్ యుద్ధ విమానాలు రన్‌వేలు దెబ్బతిని నేల మీదే చిక్కుకుపోయాయి. సీ హాక్‌లకు ఆకాశంలో ఎదురు లేదు. ఫాక్లండ్స్‌లో అర్జెంటీనా పైలట్లు ఇంధనం అంచున ఎగిరి వచ్చేవారు, పోరాడే వ్యవధే వాళ్లకు ఉండేది కాదు. అంత గెలిచినా సీ హారియర్లు గస్తీ చోట నిలవగలిగింది చాలా కొద్దిసేపు. ఆకాశం నుంచి ముందే పసిగట్టే రాడార్ విమానం బ్రిటన్ నౌకల మీద లేదు. మే 4న ఎక్సోసెట్ క్షిపణి తాకి షెఫీల్డ్ నౌక పోయింది.

ఒక ఇంజిన్ అన్నది మాత్రం అనుకున్నంత పెద్ద అడ్డంకి కాదు. సముద్రం మీద ఇంజిన్ ఆగితే దిగడానికి చోటు ఉండదన్న భయం నిజమే. కానీ స్కైహాక్, సీ హారియర్, ఇప్పటి ఎఫ్-35 అన్నీ ఒకే ఇంజిన్ విమానాలే.

చిన్న విమానానికి మరో లాభం ఉంది, దాన్ని తీసిపారేయకూడదు. తేజస్ రెక్కల వెడల్పు 8.2 మీటర్లు. మడవకుండానే డెక్ కింది హ్యాంగర్‌లో సర్దుకుంటుంది. రాఫెల్ రెక్కలు దాదాపు 10.9 మీటర్లు, అవీ మడవవు. మన నౌకల లిఫ్టులు విశాలమైనవి కావు. అంటే అదే చోటులో చిన్నవి ఎక్కువ పడతాయి. ఎక్కువ పట్టడం మేలా కాదా అన్నది గస్తీ లెక్కలో తేలుతుంది.

గస్తీ లెక్క: ఎవరు ఎంతసేపు నిలబడగలరు

నౌకా విమానాల గగన పోరు అనగానే సినిమాల్లోలా ఒకదాని వెనక ఒకటి మెలికలు తిరగడం గుర్తొస్తుంది. నిజంగా ఎక్కువ సమయం గడిచేది కాపలాలో. ఓడ మీద ముప్పై మీటర్ల ఎత్తున రాడార్ ఉందనుకుందాం. నీటికి అయిదు మీటర్ల ఎత్తులో వచ్చే క్షిపణి, భూమి వంపు వల్ల, 32 కిలోమీటర్ల దగ్గరికి వచ్చాకే కనిపిస్తుంది. గంటకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో వచ్చే క్షిపణికి ఆ దూరం రెండు నిమిషాల లోపే. కాబట్టి క్షిపణిని వదిలే శత్రు విమానాన్నే దూరంగా పట్టుకోవాలి. ఓడకు 250 కిలోమీటర్ల అవతల రెండు విమానాలు రాత్రింబవళ్లు కాపలా ఉండాలని ఆజ్ఞ వచ్చిందనుకోండి.

తేలికపాటి జెట్టు అదనపు ట్యాంకులతో రెండు గంటలు గాలిలో ఉంటుందని లెక్కేద్దాం. పోవడానికి ఇరవై నిమిషాలు, రావడానికి ఇరవై, దిగడంలో ఆలస్యమైతే అని దాచుకోవలసిన ఇంధనం మరో ఇరవై. నికరంగా కాపలా ఒక గంట. జంటను రోజంతా నిలపాలంటే, ఒక్కో విమానం ఎగరడాన్ని ఒకసారిగా లెక్కిస్తే, రోజుకు 48 సార్లు పంపాలి. మూడు గంటలుండే పెద్ద జెట్టు రెండు గంటలు కాపలా కాస్తుంది కాబట్టి 24 సార్లు చాలు. ఓడ మీద 12 తేలికపాటి జెట్లుంటే ఒక్కోటి రోజుకు నాలుగుసార్లు ఎగరాలి, అదీ పన్నెండూ మరమ్మతు లేకుండా సిద్ధంగా ఉంటే. మిగ్-29కె విమానాల్లో ఎగరడానికి సిద్ధంగా ఉన్నవి 15.93 నుంచి 37.63 శాతమేనని 2016 కాగ్ నివేదిక చెప్పిన సంగతి మరిచిపోతే ఈ లెక్కలన్నీ కాగితం మీద అందంగానే ఉంటాయి.

ఈ కాపలాలో పోరు మొదలైతే ఇంధనం కథ మారిపోతుంది. తేజస్ లోపలి ట్యాంకుల్లో పట్టేది రెండున్నర టన్నుల లోపు. ఇంజిన్ వెనుక అదనపు ఇంధనం మండించి బలం పెంచే ఆఫ్టర్‌బర్నర్‌ను పూర్తిగా తెరిస్తే అది సుమారు పది నిమిషాల్లో అయిపోతుంది. తిరిగి ఓడ చేరడానికి కావలసినది అందులోంచే మిగల్చాలి.

ఇప్పుడు అదే పనికి టీబీ3 లాంటి నిదానపు డ్రోనును పెడదాం. గంటకు 230 కిలోమీటర్ల వేగం అనుకుంటే అక్కడికి చేరడానికే గంటకు పైగా పడుతుంది. కానీ ఇరవై గంటలు గాలిలో ఉండగలిగితే కాపలా పదిహేడు గంటల పైన. జంటను రోజంతా నిలపడానికి మూడుసార్లు పంపితే సరి. 48 ఎక్కడ, 3 ఎక్కడ! డ్రోను అభిమానులు ఈ అంకె దగ్గరే ఆగిపోతారు. ఆగకూడదు. కాపలాదారు దొంగను చూశాడు, తర్వాత? గంటకు 900 కిలోమీటర్లతో వచ్చేవాడిని 230తో పోయేది వెంబడించలేదు. దాని మోత మూడు వందల కిలోల లోపే కాబట్టి పెద్ద రాడార్‌నూ దూరపు క్షిపణులనూ మోయలేదు. 2002 డిసెంబరులో ఇరాక్ మీద అమెరికా ప్రిడేటర్ డ్రోను ఒకటి ఇరాక్ యుద్ధ విమానం మిగ్-25 మీదికి స్టింగర్ క్షిపణి వదిలింది. ఆ క్షిపణి తప్పింది, మిగ్ తప్పలేదు. డ్రోను కూలింది.

జెట్ డ్రోన్లతో లెక్క మారుతుందా?

కొంత మారుతోంది. 2025 నవంబరులో కిజిలెల్మా తన రాడార్‌తో జెట్ లక్ష్యాన్ని పట్టి, చూపు మేర దాటి కొట్టే క్షిపణితో కూల్చిందని టర్కీ ప్రకటించింది. పైలట్ లేని విమానానికి ఇది పెద్ద మెట్టే. ఆ లక్ష్యం ఎదురు కొట్టేది కాదు, రేడియో సంకేతాలను చెడగొట్టేదీ కాదు అన్నది కూడా పక్కనే రాసుకోవాలి. సముద్రం మీద శత్రువు మొదట చేసే పని డ్రోనుకూ ఓడకూ మధ్య మాటలు తెగ్గొట్టడం. తెగాక యంత్రం తనంత తాను నిర్ణయించుకోవాలి. నేలను చూసి బాంబు వేయడం కంటే గాలిలో కదిలేదాన్ని మనవాడో పరాయివాడో, పౌర విమానమో తేల్చడం కష్టం. ఆ నిర్ణయం యంత్రానికి వదలడం మీద సాంకేతిక భేదాభిప్రాయాలే కాదు, నైతిక భేదాభిప్రాయాలూ ఉన్నాయి.

ఈ దారిలో అందరికంటే ముందు నడిచింది అమెరికా. ఎక్స్-47బి 2013 మే 14న కేటపల్ట్ నుంచి లేచింది, జులై 10న తీగ పట్టుకుని నౌక మీద దిగింది. అదే రోజు మరో ప్రయత్నంలో తన కంప్యూటర్‌లో తేడా ఉందని తానే కనిపెట్టి, తీరంలోని వాలప్స్ ద్వీపానికి మళ్లింది. తీరం దగ్గరుంది కాబట్టి సరిపోయింది. నడి సముద్రంలో మళ్లడానికి ద్వీపం ఎప్పుడూ దొరకదు.

దాని తర్వాత అమెరికా నౌకాదళం ఎంచుకున్నది పోరాట డ్రోను కాకపోవడం నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఆసక్తికరంగా అనిపిస్తుంది. ఎంచుకున్నది ఇంధనం మోసే డ్రోను, ఎంక్యూ-25. వాళ్ల పోరాట విమానాలే తోటి విమానాలకు గాలిలో ఇంధనం పోస్తూ తిరగవలసి వస్తోంది. ఆ చాకిరీ యంత్రానికి ఇస్తే అవి యుద్ధానికి మిగులుతాయి. 2021 జూన్‌లో దాని నమూనా గాలిలో ఒక సూపర్ హార్నెట్ యుద్ధ విమానానికి ఇంధనం ఇచ్చింది. ఎవరినో కూల్చనవసరం లేదు, సంకేతం తెగితే చెప్పిన చోట తిరుగుతూ ఉంటే చాలు. కష్టాలు తక్కువ, ఫలితం ఎక్కువ. చైనా మరో దారి పట్టింది. 2024 డిసెంబరులో జలప్రవేశం చేయించిన సిచువాన్ అనే ఉభయచర నౌకకు (సైన్యాన్ని తీరంలో దించే ఓడకు) విద్యుదయస్కాంత కేటపల్ట్ అమర్చింది. డ్రోన్లను దృష్టిలో పెట్టుకునే అని నిపుణులు భావిస్తున్నారు.

టర్కీ ఓడ ఎందుకు అలా తయారైంది

మన చర్చల్లో టర్కీ పేరు దూరదృష్టికి ఉదాహరణగా వస్తుంటుంది. వాళ్ల అనదోలు నౌకను నిజానికి నిట్టనిలువుగా దిగగల ఎఫ్-35బి విమానాల కోసం కట్టారు. రష్యా క్షిపణి రక్షణ వ్యవస్థ కొన్నందుకు 2019లో అమెరికా టర్కీని ఎఫ్-35 కార్యక్రమం నుంచి తప్పించింది. ఓడ ఉంది, విమానం లేదు. అప్పుడు టీబీ3 వచ్చింది, కిజిలెల్మా, హుర్జెట్ నౌకా రకాల ఆలోచనలు వచ్చాయి. 2024 నవంబరులో టీబీ3 ఆ డెక్ మీద నుంచి లేచి, ఆపు తీగలు లేకుండానే దిగింది. ఒకటిన్నర టన్నుల తేలిక వల్ల అది సాధ్యమైంది. హుర్జెట్ లాంటి జెట్టు దిగాలంటే తీగలు కావాలి, 231 మీటర్ల ఆ ఓడ వాటితో పుట్టలేదు. అవసరం నుంచి పుట్టినంత మాత్రాన ఉపాయం విలువ తగ్గదు. కానీ 262 మీటర్ల విక్రాంత్‌కు తీగలున్నాయి, భారీ జెట్లను దించుకునే బలం ఉంది. వాళ్ల ఉపాయాన్ని ఇక్కడికి తెచ్చి పెడితే మనకున్న సత్తువను వాడుకోకుండా వదులుకున్నట్టే.

ఎదుట ఉన్నది డ్రోనే అయితే

ఇంతవరకు శత్రువు వేగమైన జెట్టు అని అనుకుంటూ వచ్చాం. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో చూసింది వేరు. యెమెన్ నుంచి హూతీలు పంపిన చవక డ్రోన్లను అమెరికా నౌకా విమానాలు ఖరీదైన క్షిపణులతో కూల్చవలసి వచ్చింది. కొట్టేదాని ధర పడిపోయేదాని కంటే ఎన్నో రెట్లు. ఇలాంటి వేటకు రాఫెల్ అక్కర్లేదు. చవక రాకెట్లు మోసే తేలికపాటి జెట్టో, ఓర్పుగా తిరిగే డ్రోనో చాలు. నేల మీద ఇదే ఆలోచనతో చిన్న రాకెట్లతో డ్రోన్ల గుంపును కొట్టే భార్గవాస్త్రను 2025 మే 13న మన గోపాలపూర్ ఫైరింగ్ రేంజ్‌లోనే పరీక్షించారు.

కాబట్టి తేలికపాటి వాటిని పూర్తిగా పక్కన పెట్టేవారు కూడా పాత యుద్ధాన్నే చూస్తున్నారు. నాకు కనిపించే క్రమం ఇది: ముందు ఇంధనం పోయడం, తర్వాత దూరంగా నిలిచి చూడడం, ఆ తర్వాత నిదానపు లక్ష్యాలను కూల్చడం. ఇవి డెక్ మీది డ్రోన్లకు వరుసగా అందే పనులు. సమఉజ్జీ జెట్టుతో పోరు చివరిది, దానికి చాలా దూరం ఉంది. తేలికపాటి జెట్టు ఈ రెండింటి మధ్య ఇరుక్కుంది. పెద్ద జెట్టు పని చేయడానికి మోత చాలదు, డ్రోను పని చేయడానికి ఓర్పు చాలదు. పైగా డెక్ మీద దిగే నేర్పు పోకుండా దాని పైలట్ తరచూ సాధన చేస్తూనే ఉండాలి. ఆ ఖర్చు పెద్ద జెట్టుకైనా చిన్న జెట్టుకైనా ఒకటే.

భారత్‌కు సంబంధించి తేలవలసినవి ఇంకా ఉన్నాయి. రాఫెల్‌లు 2028 నుంచి 2030 మధ్య రావాలి. అప్పటిదాకా మిగ్-29కె లే దిక్కు. నౌకాదళం కోసం కొంటున్న 15 ఎంక్యూ-9బి డ్రోన్లు నేల మీది రన్‌వేల నుంచి ఎగిరేవి, విక్రాంత్ డెక్‌తో వాటికి సంబంధం లేదు. కేటపల్ట్ లేని ఓడ నుంచి ఆరేడు టన్నుల ఇంధనంతో లేవగల డ్రోను ఇంతవరకు ఎవరి దగ్గరా లేదు. పైన వేసిన 10 టన్నులు, 13 టన్నుల లెక్క దానికీ వర్తిస్తుంది. పైలట్‌ను దించేసినా డెక్ పొడవు పెరగదు.